ఒకే చోటుకు మళ్లీ మళ్లీ: చుట్టుపక్కల వన్యప్రాణులను కనుగొని కాపాడుకునే సమగ్ర మార్గదర్శి

జర్మనీలోని క్రెఫెల్డ్ పట్టణంలో కీటకాల మీద ఆసక్తి ఉన్నవాళ్ల సంఘం ఒకటి ఉంది. అందులో ఎక్కువమంది వేరే వృత్తుల్లో ఉంటూ తీరిక వేళల్లో పురుగులను పరిశీలించేవారే. 1989 నుంచి వాళ్లు రక్షిత ప్రాంతాల్లో ఒకే రకం వలగుడారాలు వేసి, వాటిలో చిక్కిన ఎగిరే కీటకాలను తూచి, బరువు రాసిపెట్టుకుంటూ వచ్చారు. ఆ 27 ఏళ్ల లెక్క 2017లో శాస్త్ర పత్రికలో అచ్చయ్యాక ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మొత్తం 63 చోట్ల లెక్క చూస్తే ఎగిరే కీటకాల బరువు 75 శాతానికి పైగా పడిపోయింది. ఏదో ఒక రోజు వెళ్లి చూసి వచ్చినవారికి ఆ తగ్గుదల కనిపించే అవకాశమే లేదు. చెట్లు పచ్చగానే ఉన్నాయి, పూలు పూస్తూనే ఉన్నాయి.

వన్యప్రాణుల రక్షణ అంటే చాలామంది మొక్కలు నాటడంతోనో, నినాదాలతోనో మొదలుపెడతారు. నా దృష్టిలో అది తలకిందుల వరుస. ముందు ఒక చోటును ఎంచుకుని, అక్కడ ఏమేం బతుకుతున్నాయో తెలుసుకుని, రాసిపెట్టాలి. తర్వాత వాటికి జరుగుతున్న హానిని ఆపాలి. కొత్తగా ఏదైనా చేర్చడం చివరి పని. ఈ మార్గదర్శి అదే వరుసలో సాగుతుంది.

మొదటి అడుగు: నడిచి వెళ్లగలిగే చోటు

ఇంటి నుంచి పది పదిహేను నిమిషాల్లో నడిచి చేరగలిగే చోటును ఎంచుకోండి. దూరంగా ఉన్న అందమైన అడవికి ఏడాదికి రెండుసార్లు వెళ్తారేమో, దగ్గరలోని పిచ్చిమొక్కల మైదానానికి వారానికి రెండుసార్లు వెళ్లగలరు. పరిశీలనలో ఆ తేడాయే అన్నిటికంటే పెద్దది. కుంట, కాలువ గట్టు, పాత తోట, శ్మశానం, రైలు పట్టాల పక్కన వదిలేసిన నేల, కట్టకుండా వదిలేసిన స్థలం, ఏదైనా సరే. గంటలో తీరుబడిగా చుట్టి రాగలిగినంత ఉంటే చాలు.

రెండు రకాల నేల కలిసే అంచులను ముందుగా చూడండి. నీరు ఒడ్డును తాకే చోట, పొదలు గడ్డిలో కలిసే చోట, చెట్ల నీడ ఎండలోకి తెరుచుకునే చోట ప్రాణులు ఎక్కువ రకాలు ఉంటాయి. రెండు వైపుల నుంచీ వచ్చేవి అక్కడే కలుస్తాయి. తొర్రలున్న ముసలి చెట్టు, ఎండి నిలబడిన మోడు, రాళ్ల గుట్ట కనిపిస్తే ఆ చోటుకు ఇంకో మార్కు వేయండి.

ఇంట్లో కూర్చునే ఉపగ్రహ పటంలో ఆ ప్రదేశాన్ని చూడండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు కూడా దొరుకుతాయి. పదేళ్ల కిందట నీరు ఎంతవరకు ఉండేది, చెట్లు ఎక్కడ ఉండేవి అన్నది అక్కడే తేలిపోతుంది. ఆ చిత్రాలను తేదీలతో సహా దాచుకోండి, తర్వాత పనికొస్తాయి. ఆ నేల ఎవరిదో కూడా ఇప్పుడే కనుక్కోండి. ప్రైవేటు స్థలమైతే అనుమతి తీసుకోవాలి. ప్రభుత్వానిదైతే ఏ శాఖ కింద ఉందో తెలిసి ఉండాలి.

పరికరాలు

నోటు పుస్తకం, పెన్సిల్, ఫోను. వీటితో మొదలుపెట్టి చాలా దూరం వెళ్లవచ్చు. బైనాక్యులర్ కొనాలనుకుంటే 8x42 అన్నది చూడండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందువైపు కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. 12 రెట్లు, 16 రెట్లు అని మురిసిపోయి కొనేవాళ్లున్నారు. రెట్లు పెరిగే కొద్దీ చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, కనిపించే విస్తీర్ణం తగ్గిపోతుంది. పురుగుల కోసం పది రెట్లు చూపించే చిన్న భూతద్దం మెడలో వేసుకుంటే మరో లోకం తెరుచుకుంటుంది. దాన్ని కంటికి ఆనించి పట్టుకుని, వస్తువును దగ్గరికి తేవాలి. వస్తువు మీద భూతద్దం పెట్టి దూరం నుంచి చూస్తే ఏమీ కనిపించదు.

రెండో అడుగు: వేళ తెలుసుకుని వెళ్లడం, కదలకుండా కూర్చోవడం

తెల్లవారిన మొదటి రెండు గంటలు పక్షులవి. ఎండ పడి నేల వేడెక్కాక సీతాకోకచిలుకలు, తూనీగలు బయటికి వస్తాయి. వాటి శరీరానికి సొంత వేడి చాలదు, ఎండే కావాలి. మునిమాపు వేళ గబ్బిలాలు. వాన వెలిసిన రాత్రి కప్పలు. ఒకే చోటుకు ఈ నాలుగు వేళల్లో వెళ్తే నాలుగు వేర్వేరు చోట్లకు వెళ్లినట్టే ఉంటుంది.

నడుస్తూ చూసేదాని కంటే కూర్చుని చూసేది ఎక్కువ. మీరు వచ్చిన అలికిడికి దాక్కున్నవన్నీ తిరిగి తమ పనిలో పడడానికి కొంత సమయం పడుతుంది. చెట్టుకు వీపు ఆనించి ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోండి. మొదటి పది నిమిషాలు ఏమీ లేదనిపిస్తుంది, లేచి పోదామనిపిస్తుంది. సరిగ్గా ఆ దశ దాటాకే తొండ తల ఎత్తుతుంది, పొదలోని పిట్ట కిందికి దిగుతుంది. ఎక్కువమంది ఆ రెండో పది నిమిషాలను ఎన్నడూ చూడరు.

పక్షి కూతను ఫోనులో వినిపించి దాన్ని బయటికి రప్పించే అలవాటు ఇప్పుడు బాగా పెరిగింది. గూడు పెట్టే కాలంలో అది వేరే మగపక్షి వచ్చిందనుకుని ఆహారం వెతకడం మాని కొట్లాటకు సిద్ధమవుతుంది. ఒక ఫొటో కోసం దానికి అంత శ్రమ పెట్టడం న్యాయం కాదు.

మూడో అడుగు: ప్రాణి కనిపించకపోయినా ఆనవాలు పట్టడం

చాలా జంతువులు మనిషికి కనిపించకుండా బతకడంలో ఆరితేరినవి. వాటిని ఆనవాళ్లతోనే పట్టుకోవాలి. తడి మట్టిలో అడుగుజాడలు చూడండి. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి జాడలో గోటి గుర్తులు పడవు. కుక్క, నక్క జాడల్లో అవి కనిపిస్తాయి. జాడ పక్కన కొలబద్దో పెన్సిలో పెట్టి ఫొటో తీయండి. కొలత లేని జాడ ఫొటోతో ఎవరూ ఏమీ చెప్పలేరు.

పెద్ద చెట్టు కింద బూడిదరంగు ఉండలు పడి ఉంటే అక్కడ గుడ్లగూబ ఉంటోందేమో చూడండి. అది ఎలుకను మింగేసి, అరగని వెంట్రుకలను, ఎముకలను ఉండగా చేసి కక్కేస్తుంది. చేతి తొడుగు వేసుకుని, ఉండను నీళ్లలో నానబెట్టి, పుల్లతో విడదీస్తే చిన్న పుర్రెలు, దవడలు చెక్కుచెదరకుండా బయటపడతాయి. ఆ చోట ఏ జాతి ఎలుకలు, చుంచులు ఉన్నాయో ఒక్క బోను పెట్టకుండానే తెలిసిపోతుంది.

రాత్రి వెళ్లేటప్పుడు తోడు తీసుకెళ్లండి, కాళ్లకు మూసి ఉన్న బూట్లు వేసుకోండి, రంధ్రాల్లో, రాళ్ల సందుల్లో చేతులు పెట్టకండి. టార్చిని కళ్ల పక్కనే, కణతకు ఆనించి పట్టుకుని గడ్డిలోకి చూడండి. నేల మీద అక్కడక్కడా మంచు బిందువుల్లా మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అవి వేటాడే సాలెపురుగుల కళ్లు. టార్చిని నడుం దగ్గర పట్టుకుంటే ఆ మెరుపు మీ కంటికి చేరదు, ఎందుకంటే సాలెపురుగు కంటి నుంచి వెలుతురు వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

నాలుగో అడుగు: నీళ్లలోకి తొంగిచూడడం

మీ చోటులో నీరు ఉంటే దీనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. ఒడ్డున నిలబడి చూస్తే కొంగ, నీటికాకి కనిపిస్తాయి. ఆ నీటి అసలు సంగతి తెలియాలంటే మాత్రం ఒక తెల్లని ట్రే, ఒక చిన్న చేతి వల కావాలి. ట్రేలో రెండు మూడు సెంటీమీటర్ల మేర అదే నీరు పోయండి. ఒడ్డు దగ్గరి నాచు, తుంగ మొదళ్లలో వలను మెల్లగా అటూ ఇటూ నాలుగైదుసార్లు తిప్పి, ట్రేలో బోర్లించండి. అడుగునుండే బురదను కెలకకండి. నీరు తేరుకునేదాకా ఆగండి.

మొదట చెత్త మాత్రమే కనిపిస్తుంది. తర్వాత ఆ చెత్తలో కొంత భాగం నడవడం మొదలుపెడుతుంది. పొట్టిగా, బురదరంగులో, ఆరు కాళ్లతో పాకుతున్నది తూనీగ లార్వా, అంటే రెక్కలు రాని పిల్ల దశ, కావచ్చు. దాని కింది పెదవి మోచేయిలా మడిచి తల కింద దాచి ఉంటుంది. తోకకప్ప పిల్లో, దోమ లార్వాయో అందే దూరంలోకి రాగానే ఆ పెదవి రెప్పపాటులో ముందుకు దూసుకుపోయి, కొనలోని కొక్కేలతో పట్టి లాక్కుంటుంది. గాలిలో అంత నాజూకుగా తిరిగే తూనీగ బాల్యం ఇలా గడుస్తుంది. జాతిని బట్టి అది కొన్ని వారాల నుంచి కొన్నేళ్ల దాకా నీటిలోనే ఉంటుంది.

ట్రేలో ఉన్న రకాలే ఆ నీటి ఆరోగ్యం గురించి సాక్ష్యం చెబుతాయి. మూడు సన్నని తోకలతో, పొట్ట పక్కల మొప్పలు ఆడిస్తూ ఉండే మేఫ్లై అనే కీటకం లార్వాల్లో చాలా జాతులు మురికిని తట్టుకోలేవు. అవి రకరకాలుగా ఉన్నాయంటే నీటిలో ప్రాణవాయువు బాగున్నట్టు. ఎర్రగా దారాల్లా మెలికలు తిరిగే పురుగులు మాత్రమే కుప్పలుగా ఉంటే అనుమానించాలి. అవి కైరోనోమిడ్ ఈగల లార్వాలు. వాటి ఒంట్లో హీమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆ ఎరుపు, అందుకే ప్రాణవాయువు అంతంతమాత్రంగా ఉన్న మురుగులోనూ బతకగలవు. అవి ఉండడం తప్పు కాదు. అవి తప్ప మరేమీ లేకపోవడం చెడ్డ సంకేతం.

ఒడ్డునున్న తుంగ కాడలను కూడా ఒకసారి వెతకండి. వీపు మీద చీలిక ఉన్న ఖాళీ గుల్ల అంటుకుని ఉందంటే ఒక తూనీగ అక్కడే నీటిలోంచి పైకెక్కి, చర్మం విడిచి ఎగిరిపోయిందన్నమాట. ఎగిరే తూనీగ ఎక్కడి నుంచైనా వచ్చి ఉండవచ్చు. గుల్ల మాత్రం ఈ నీటిలోనే పెరిగిందనడానికి తిరుగులేని రుజువు.

చూడడం అయ్యాక ట్రేను తీసిన చోటే, నీటికి ఆనించి వంచండి. పైనుంచి కుమ్మరించకండి. ఒక కుంట నుంచి మరో కుంటకు వెళ్లే ముందు బూట్లు, వల కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. దీన్ని చాదస్తం అనుకోకండి. కప్పల చర్మాన్ని పట్టే కైట్రిడ్ అనే శిలీంధ్రం తడి బురద ద్వారా కూడా ఒకచోటి నుంచి మరోచోటికి పాకుతుంది. ప్రపంచవ్యాప్తంగా 500కు పైగా ఉభయచర జాతులు దానివల్ల క్షీణించాయని 2019లో వచ్చిన అధ్యయనం తేల్చింది.

ఐదో అడుగు: పేరు కనుక్కోవడం

ఫొటో తీసి యాప్‌లో పెట్టేస్తే పేరు వచ్చేస్తుంది, నిజమే. అయితే దానికంటే ముందు మీ కళ్లతో చూసింది రాయండి. పరిమాణం పిచ్చుక కంటే చిన్నదా, కాకి కంటే పెద్దదా? ముక్కు పొట్టిదా, వంపు తిరిగినదా? ఏం చేస్తోంది, నేల మీద గెంతుతోందా, కాండం మీద పాకుతోందా, నీటి మీద ఒకేచోట రెక్కలాడిస్తోందా? రంగును చివర్లో రాయండి. వెలుతురును బట్టి రంగు మోసం చేస్తుంది, నడవడిక అంత సులభంగా మోసం చేయదు.

మొక్కలకు, పురుగులకు, అన్ని రకాల జీవులకు ఐనాచురలిస్ట్ బాగా పనిచేస్తుంది. 2008లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన వేదిక ఇది. మీరు పెట్టిన ఫొటోకు కంప్యూటర్ ఒక పేరు సూచిస్తుంది, తర్వాత మనుషులు చూసి ఒప్పుకుంటారు లేదా సరిదిద్దుతారు. గుర్తించినవారిలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమంది ఒకే జాతి పేరు మీద ఏకీభవించి, తేదీ, స్థలం కూడా సరిగా ఉన్నప్పుడే ఆ రికార్డును పరిశోధనకు పనికొచ్చేదిగా లెక్కిస్తారు. పక్షుల కూతలను గుర్తించడానికి మెర్లిన్, పక్షుల జాబితాలకు ఈబర్డ్ అనే యాప్‌లు ఉన్నాయి. ఈబర్డ్‌ను 2002లో అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, పక్షుల సంరక్షణకు పనిచేసే ఆడుబాన్ సంస్థ కలిసి మొదలుపెట్టాయి.

కంప్యూటర్ చెప్పిన మొదటి పేరునే వేదవాక్కుగా తీసుకోకండి. ఆ జాతి మీ ప్రాంతంలో ఉండే అవకాశం ఉందా, ఈ కాలంలో కనిపిస్తుందా అని చూడండి. జాతి తేలకపోతే ‘ఏదో ఒక కందిరీగ’ అని ఆగిపోవడంలో నామోషీ ఏమీ లేదు. చాలా కీటకాల జాతి ఫొటోతో తేలదు, నిపుణులే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తారు. తప్పు పేరుతో ఉన్న రికార్డు కంటే అసంపూర్ణమైన సరైన రికార్డు మేలు.

ఆరో అడుగు: రాయడం, లెక్కపెట్టడం

ప్రతిసారీ ఇవి ఉండాలి: తేదీ, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, వాతావరణం, నడిచిన దారి, చూసినవి, ఎన్ని, ఏం చేస్తున్నాయి. ‘సీతాకోకచిలుకలు చాలా ఉన్నాయి’ అన్న వాక్యం ఏడాది తర్వాత మీకే ఉపయోగపడదు. ‘ఉదయం 9:10 నుంచి 9:40, ఎండ, గాలి తక్కువ, ఉత్తరం గట్టు; పసుపు రంగువి 14, నిమ్మ మొక్క మీద గుడ్లు పెడుతున్నది 1’ అని రాస్తే అది పదేళ్లయినా మాట్లాడుతుంది.

లెక్క ఎప్పుడూ ఒకే పద్ధతిలో ఉండాలి, లేకపోతే పోలిక కుదరదు. సీతాకోకచిలుకలకు ఒక తేలికైన పద్ధతి ఉంది. బ్రిటన్‌లో 1976 నుంచి జాతీయ స్థాయిలో దీన్నే వాడుతున్నారు. ఒక స్థిరమైన దారిని ఎంచుకుని, వారానికోసారి ఒకే వేగంతో నడుస్తూ, రెండు పక్కలా చెరో రెండున్నర మీటర్లు, ముందూ, పైనా ఐదేసి మీటర్లు ఉండే డబ్బాను ఊహించుకుని, అందులోకి వచ్చినవాటినే లెక్కపెట్టాలి. డబ్బా బయట ఎంత అరుదైనది ఎగిరినా లెక్కలోకి రాదు, పక్కన వేరుగా రాసుకోవచ్చు. పక్షులకైతే ఒక చోట నిలబడి పది నిమిషాల్లో కనిపించినవి, వినిపించినవి లెక్కపెట్టండి.

ఏమీ కనిపించని రోజు కూడా పుస్తకంలో ఉండాలి. సున్నా కూడా సమాచారమే. మంచి రోజుల్ని మాత్రమే రాసే పుస్తకం చూస్తే ఆ చోటు ఎప్పుడూ వర్ధిల్లుతూనే ఉన్నట్టు కనిపిస్తుంది. కప్పలు అరవని వానాకాలం ఎక్కడా నమోదు కాకపోతే, ‘ఇదివరకు అరిచేవి’ అని మీరెంత చెప్పినా ఆధారం ఉండదు.

ఆ చోటును చిరకాలంగా ఎరిగిన పెద్దలతో, పశువులు మేపేవారితో, చేపలు పట్టేవారితో మాట్లాడండి. ‘ముందు ఎలా ఉండేది’ అని కాకుండా ‘ఈ గట్టు మీద ఏ పిట్ట గూడు పెట్టేది, ఎప్పటి నుంచి కనిపించడం లేదు’ అని అడగండి. సూటి ప్రశ్నకు సూటి జవాబు వస్తుంది. ఎవరు చెప్పారో, ఏ కాలం గురించి చెప్పారో రాసి, మీరు స్వయంగా చూసినదాంతో కలపకుండా విడిగా ఉంచండి.

ఏడో అడుగు: చోటును చదవడం

కొన్ని నెలల రికార్డు చేతికొచ్చాక ఒక పటం గీయండి. ప్రతి ప్రాణికీ నాలుగు కావాలి: తిండి, నీరు, దాక్కునే చోటు, పిల్లల్ని పెంచే చోటు. మీరు తరచూ చూసే అయిదారు జీవులను తీసుకుని ఆ నాలుగూ ఎక్కడెక్కడ దొరుకుతున్నాయో పటం మీద గుర్తించండి. అప్పుడే అసలు కీలకాలు బయటపడతాయి. లకుముకి పిట్ట చేపల్ని పట్టేది కుంటలో, గూడు మాత్రం నిట్టనిలువుగా ఉన్న మట్టిగట్టులోని సొరంగంలో. కుంటను ఎంత శుభ్రంగా ఉంచినా, గట్టుకు రాళ్లు పేర్చి సిమెంటు పూస్తే అది వెళ్లిపోతుంది. ‘సుందరీకరణ’ పేరుతో జరిగే పనుల్లో ఇలాంటి గట్లే ముందుగా పోతాయి.

సీతాకోకచిలుకల సంగతీ అంతే. పెద్దవి చాలా పూల మీద వాలుతాయి, గొంగళిపురుగులు మాత్రం ఏ మొక్క పడితే ఆ మొక్క తినవు. జిల్లేడు మీద గుడ్లు పెట్టే జాతికి జిల్లేడు కావాలి, నిమ్మ జాతి మొక్కల మీద పెరిగేదానికి అవే కావాలి. పూలమొక్కలు మాత్రమే ఉన్న తోట వాటికి భోజనశాల అవుతుంది, ఇల్లు కాదు.

ఎనిమిదో అడుగు: ముందు హాని ఆపడం

ఇక్కడి నుంచి రక్షణ. చేయాల్సిన పనుల కంటే మానాల్సిన పనులే ఎక్కువ, వాటికి ఖర్చు కూడా తక్కువ.

వెలుతురుతో మొదలుపెట్టండి. రాత్రంతా వెలిగే దీపం చుట్టూ తిరిగి తిరిగి పురుగులు అలసి చస్తాయి. మిణుగురులు తమ మెరుపులతో జతను పిలుచుకుంటాయి కాబట్టి ఆ వెలుతురులో ఒకదాన్నొకటి కనుక్కోలేవు. అవసరం లేని దీపం ఆర్పండి. తప్పనిసరైతే నేలవైపు మాత్రమే వెలుతురు పడేలా కప్పు పెట్టండి. తెల్లని నీలికాంతి బదులు 3000 కెల్విన్ (కాంతి రంగును చెప్పే కొలత) కంటే తక్కువ ఉండే పసుపు కాంతి వాడండి. కదలిక ఉన్నప్పుడే వెలిగే అమరిక ఇంకా మంచిది.

తర్వాత విషాలు. పురుగుమందు తెగుళ్లతోపాటు వాటిని తినేవాటినీ చంపుతుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే ఎలుకల మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది. దాన్ని తేలిగ్గా పట్టుకున్న గుడ్లగూబకు ఆ విషం చేరుతుంది. ఒక మందు ఎంత దూరం పోగలదో తెలియాలంటే దక్షిణాసియా రాబందుల కథ చూడాలి. పశువుల నొప్పికి వాడే డైక్లోఫెనాక్, ఆ పశువుల కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసింది. 1990ల నుంచి మూడు జాతుల సంఖ్య 95 శాతానికి పైగా పడిపోయింది. కారణం 2004లో శాస్త్ర పత్రికలో వెలువడింది, 2006లో భారతదేశం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. ఎవరికీ రాబందులను చంపాలన్న ఉద్దేశం లేదు. వాటి గణన జరిగి ఉండకపోతే అవి ఎందుకు పోతున్నాయని వెతికే పనే మొదలయ్యేది కాదు.

ఎండిన చెట్టు ఎవరి మీదా పడే ప్రమాదం లేనప్పుడు దాన్ని నిలబెట్టండి. వడ్రంగి పిట్ట తొలిచిన తొర్రలో తర్వాత చిలుక, మైనా, ఉడుత కాపురం పెడతాయి. రాలిన ఆకులను తగలబెట్టకండి, వాటి కింద ప్యూపాలు (రెక్కలు వచ్చే ముందు గూటిలో ఉండే పురుగులు), సాలెపురుగులు, కప్పలు ఉంటాయి. గడ్డి కోయక తప్పకపోతే ఒకేసారి మొత్తం కోయకుండా వంతులవారీగా, మధ్యలోంచి అంచులవైపు కోస్తూ రండి. లోపలున్నవి తప్పించుకోవడానికి దారి దొరుకుతుంది.

పెంపుడు పిల్లిని రాత్రి, తెల్లవారుజామున ఇంట్లో ఉంచండి. పిల్లి ప్రేమికులకు ఇది నచ్చదని తెలుసు, కానీ పిల్లి కడుపు నిండినా వేట మానదు. గాజు కిటికీలో ఆకాశం, చెట్లు ప్రతిబింబిస్తే పక్షులు ఢీకొంటాయి. అద్దం బయటివైపు ఐదేసి సెంటీమీటర్ల ఎడంతో చుక్కలు అంటిస్తే తగ్గుతుంది. ఒకే ఒక్క డేగ బొమ్మ అంటిస్తే చాలన్న నమ్మకం ఉంది, అది పనిచేయదు.

తొమ్మిదో అడుగు: తర్వాతే చేర్చడం

మొక్కలు నాటేముందు మీ రికార్డు చూడండి. అక్కడ సహజంగా పెరిగే మొక్కలనే, ఇప్పుడున్న జీవులకు లోటుగా ఉన్నవాటినే ఎంచుకోండి. గడ్డిభూమిలో చెట్లు నాటడం సేవ కాదు. నేల మీద గూడు పెట్టే పిట్టలకు, గడ్డి పురుగులకు అది ఇల్లు కూల్చడమే. నీటి మీద ఊదా పూలతో కమ్ముకునే గుర్రపుడెక్క లాంటి పరాయి మొక్కలను తీసేయాలంటే కొద్దికొద్దిగా తీయండి. తీసినదాన్ని ఒక రోజు ఒడ్డునే ఉంచితే అందులో చిక్కుకున్న నీటి పురుగులు తిరిగి నీటిలోకి పోగలుగుతాయి.

నీటి పళ్లెం రెండు మూడు సెంటీమీటర్ల లోతుకు మించకూడదు. మధ్యలో ఒక రాయి పెడితే తేనెటీగలు మునగకుండా తాగుతాయి. రెండు రోజులకోసారి రుద్ది కడగాలి, లేకపోతే పక్షుల జబ్బులకు అదే కూడలి అవుతుంది. చిన్న కుంట తవ్వితే ఒక పక్క ఏటవాలుగా ఉంచి, చేపలు వేయకండి. చేపలు తోకకప్పలను, తూనీగ లార్వాలను ఊడ్చేస్తాయి. గూటిపెట్టెకు రంధ్రం కొలత ముఖ్యం. పిచ్చుకకు 32 మిల్లీమీటర్లు సరిపోతుంది. రంధ్రం కింద కర్ర పెట్టకండి, అది వేటాడేవాటికి ఆసరా.

గాయపడిన ప్రాణి ఎదురైతే

రెక్కలొచ్చి, గెంతుతూ నేల మీద ఉన్న పక్షిపిల్ల తప్పిపోయినది కాకపోవచ్చు. ఎగరడం నేర్చుకుంటోంది, తల్లి దగ్గరలోనే ఉంటుంది. పిల్లి, వాహనం లాంటి ప్రమాదం ఉంటేనే పక్కనున్న పొదలోకి మార్చండి. ఈకలు లేని పిల్ల అయితే గూటిలో పెట్టండి. మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది అపోహ. నోట్లో పాలు, నీళ్లు పోయకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గాయమైతే గాలి ఆడే అట్టపెట్టెలో, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచి అటవీ శాఖకో, వన్యప్రాణి వైద్యులకో అప్పగించండి. గబ్బిలాన్ని ఎప్పుడూ ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, రేబిస్ ప్రమాదం ఉంది. పాము కనిపిస్తే దూరంగా నిలబడి శిక్షణ పొందిన వారిని పిలవడమే మీ పని.

పదో అడుగు: చోటుకే ముప్పు వచ్చినప్పుడు

పూడ్చివేత, మురుగు, కొత్త రోడ్డు, ఇలాంటివి ఒక్కరి వల్ల ఆగవు. మీ పుస్తకం ఇప్పుడు పని మొదలుపెడుతుంది. ఫిర్యాదును ఒక పేజీలో ముగించండి. స్థలం ఎక్కడ, ఏం జరుగుతోంది, ఏ తేదీన మొదలైంది, ఏ నిబంధనకు విరుద్ధం, మీరు కోరేది ఏమిటి. దానికి జీవుల జాబితా, తేదీలున్న ఫొటోలు, పాత ఉపగ్రహ చిత్రాలు జతచేయండి. ‘ప్రకృతిని కాపాడండి’ అన్న కోరికకు అధికారి సమాధానం రాయలేరు. ‘గూళ్లు ఉన్న కాలం ముగిసేదాకా ఉత్తరం గట్టు పని ఆపండి’ అన్నదానికి అవునో కాదో చెప్పక తప్పదు. అందినట్టు రసీదు తీసుకోండి. పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ ఉంటే మాటగా చెప్పి ఊరుకోకుండా రాతపూర్వకంగా ఇవ్వండి.

అక్కడి నుంచి జీవనం సాగించేవారిని శత్రువులుగా చూస్తే పని చెడుతుంది. నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర 2012లో వలసవచ్చిన అమూర్ డేగలను వలలు కట్టి వేల సంఖ్యలో పట్టి చంపుతున్న దృశ్యాలు బయటికొచ్చాయి. మరుసటి ఏడాది, 2013 వలస కాలంలో అక్కడ వేట ఆగింది. చట్టం అంతకుముందూ ఉంది. ఈసారి గ్రామ సభలు స్వయంగా నిషేధం విధించాయి, వేటాడినవారే కాపలాదారులయ్యారు. బయటివారు చేసింది వాళ్లతో కూర్చుని మాట్లాడడం.

ఏది చెప్పకూడదు

చివరిగా, అన్ని రికార్డులనూ అందరికీ చూపించకండి. దక్షిణ చైనాలో ఒక గుహబల్లిని 1999లో కొత్త జాతిగా వర్ణించాక, ఆ వర్ణనలోని స్థలాన్ని పట్టుకుని వెళ్లిన వ్యాపారులు అక్కడ అది దాదాపు మిగలకుండా పట్టేశారు. గుడ్లగూబ గూడు, అరుదైన తాబేలు, నక్షత్ర తాబేలు లాంటి అమ్ముడుపోయే జంతువులు, అరుదైన ఆర్కిడ్ మొక్కలు కనిపిస్తే స్థలం దాచండి. ఐనాచురలిస్ట్‌లో ప్రమాదంలో ఉన్న చాలా జాతుల స్థలాన్ని అదే మసకబరుస్తుంది, మిగతావాటికి మీరే ఆ ఎంపిక పెట్టుకోవచ్చు. ఫోనులో తీసిన ఫొటోలో స్థలం వివరాలు దాగి ఉంటాయి కాబట్టి, ఎవరికైనా పంపేముందు వాటిని తొలగించండి. వెనుక ఉన్న కొండ, గుడి, నీటి ట్యాంకు లాంటి గుర్తులు కూడా ఫొటోలో పడకుండా చూసుకోండి. కచ్చితమైన స్థలం మీ నోటు పుస్తకంలో, మీకు నమ్మకమున్న ఒక పరిశోధకుడి దగ్గర ఉంటే చాలు.